కనపడే పిడుదు, కనపడని చిగ్గర్: ఏ కాటుతో ఏ జ్వరం?

2025 నవంబరు, డిసెంబరుల్లో చిత్తూరు మొదలుకొని విజయనగరం దాకా ఆంధ్రప్రదేశ్ అంతటా స్క్రబ్ టైఫస్ పేరు మార్మోగింది. చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం ఇది. జబ్బు కొత్తది కాదు. తిరుపతి, విశాఖ, హైదరాబాద్ డాక్టర్లు ఏళ్ల తరబడి చూస్తున్నదే. కొత్తదల్లా జనంలో పుట్టిన గందరగోళం. నల్లిలాంటి పురుగు కుడితే ప్రాణం పోతుందట అని విని మంచాలు, పరుపులు ఎండలో పడేసినవాళ్లున్నారు. పెంపుడు కుక్క చెవిలో పిడుదు కనపడగానే ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించాలా అని అడిగినవాళ్లున్నారు.

ఈ రెండు భయాలూ గురి తప్పినవే. కంటికి కనపడి, ఒంటిని కరుచుకుని మనల్ని హడలగొట్టే పిడుదు మన ప్రాంతంలో చాలాసార్లు ఏ జబ్బూ ఇవ్వకుండానే పోతుంది. ప్రాణం మీదికి తెచ్చే కాటు ఎక్కువగా ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో మనకు తెలియనే తెలియదు. ఎందుకలా జరుగుతుందో అర్థం కావాలంటే ముందు ఈ పురుగుల సంగతి తెలియాలి.

పిడుదు, చిగ్గర్, నల్లి: ఎవరు ఎవరికి ఏమవుతారు

మంచం నల్లి, పేను ఆరు కాళ్ల కీటకాలు. స్క్రబ్ టైఫస్‌తో వాటికి ఏ సంబంధమూ లేదు. పిడుదులు, వాటికంటే చాలా చిన్నవైన మైట్లు సాలీడు జాతికి దగ్గరివి. పెద్దయ్యాక ఎనిమిది కాళ్లుంటాయి, పిల్ల దశలో ఆరే ఉంటాయి.

పిడుదు సంగతి పల్లెల్లో పశువులున్న ఎవరికైనా తెలుసు. పొదుగు పక్కన, చెవుల్లో, తోక మొదట్లో పట్టుకుని రోజుల తరబడి రక్తం తాగుతుంది. కొన్నిచోట్ల గోమారి అంటారు. దాని నోట్లో వెనక్కి తిరిగిన ముళ్లున్న చిన్న దబ్బనంలాంటి భాగం ఉంటుంది. దాన్ని చర్మంలోకి దించాక చాలా జాతుల పిడుదులు ఒక రకం జిగురు వదిలి అక్కడే బిగుసుకుపోతాయి. లాలాజలంలో తిమ్మిరెక్కించే పదార్థాలు, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు ఉంటాయి కాబట్టి కుట్టినట్టు వెంటనే తెలియదు. తాగి తాగి శనగగింజంత అయ్యాక చేతికి తగులుతుంది.

చిగ్గర్ అనేది ఒక జాతి మైట్‌కు పిల్ల. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. గడ్డి పరక చివరికో, రాలిన ఆకు అంచుకో ఎక్కి, ఎలుకో మనిషో రాసుకుంటూ వెళ్తే ఎక్కేస్తుంది. ఒంటి మీద పాకుతూ బట్ట బిగుతుగా ఉన్న చోటనో, చర్మం పలచగా ఉన్న మడతలోనో ఆగుతుంది. ఇది రక్తం తాగదు. చర్మ కణాలను కరిగించి ఆ రసం పీల్చుకుని రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. ఆపైన జీవితాంతం మట్టిలోనే ఉంటుంది, మనుషుల జోలికి రాదు.

ఇక్కడో చిక్కుప్రశ్న. జీవితంలో ఒక్కసారే కుట్టే పురుగు ఒకరి దగ్గర రోగం అంటించుకుని ఇంకొకరికి ఎలా ఇస్తుంది? ఇవ్వదు. స్క్రబ్ టైఫస్ క్రిమి తల్లి మైట్ నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది. అంటే ఆ పురుగు పుట్టుకతోనే రోగాన్ని మోస్తుంది. ఎలుకలు ఈ మైట్లను పోషించి వాటి సంతతి పెరగడానికి తోడ్పడతాయి కానీ, రోగం అసలు నిలవ ఉండేది మైట్లలోనే. ఊళ్లో ఎలుకల బోన్లు పెట్టినంత మాత్రాన జబ్బు మాయం కాకపోవడానికి, ఒకే గట్టు మీద కేసులు వస్తూ పక్క గట్టు మీద రాకపోవడానికి కారణం ఇదే. రోగం మోసే మైట్లు చిన్న చిన్న దీవుల్లా అక్కడక్కడే గుంపుగా ఉంటాయి.

ఇంకో సందేహం కూడా తీర్చేసుకుందాం. స్క్రబ్ టైఫస్ మనిషి నుంచి మనిషికి అంటదు. రోగి కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఏమీ కాదు.

నల్లటి పక్కు: చెప్పకనే చెప్పే ఆనవాలు

ఈ జబ్బుకు కారణమైన బ్యాక్టీరియా పేరు ఓరియెన్షియా సుసుగముషి. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువమందిలో 10, 12 రోజులకు జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, దగ్గు, కొందరికి వాంతులు. ఈ లక్షణాలు వింటే మీకు డెంగీ, టైఫాయిడ్, మలేరియా అన్నీ గుర్తుకొస్తాయి. డాక్టర్లకూ అంతే.

వీటి నుంచి స్క్రబ్ టైఫస్‌ను విడదీసే ఒకే ఒక్క కంటి గుర్తు ఎస్కార్. చిగ్గర్ కుట్టిన చోట ముందు చిన్న పొక్కు లేస్తుంది. అది చితికి, మధ్యలో నల్లటి పక్కు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు. బీడీ ఆనించి కాల్చినట్టు ఉంటుంది, నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగి దాని గురించి చెప్పడు. ఉండే చోట్లు కూడా చెప్పుకునేవి కావు: చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడతలు, మొలతాడు లేదా లంగా బొందు బిగించే చోటు, మర్మావయవాలు, పిరుదులు.

మన ఓపీల్లో పరిస్థితి తెలిసిందే. రోగి స్టూలు మీద కూర్చుంటాడు, నాలుక చూపిస్తాడు, చొక్కా మీదనుంచే స్టెతస్కోపు పెడతారు, రెండు నిమిషాల్లో చీటీ చేతికొస్తుంది. ఆడవాళ్ల విషయంలో ఒళ్లు చూడటం మరీ అరుదు. రంగు ముదురుగా ఉన్న చర్మం మీద ఈ మచ్చ తేలిగ్గా కనపడదు కూడా. ఎస్కార్ ఎంతమందిలో దొరికిందన్న లెక్క ఒక్కో ఆసుపత్రి అధ్యయనంలో ఒక్కోలా ఉండటానికి పురుగు జాతులు, క్రిమి రకాలు కొంత కారణం కావచ్చు. ఎంత ఓపిగ్గా వెతికారన్నదే పెద్ద కారణమని నా అభిప్రాయం. అయితే ఇది దొరకనంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు. చాలామందిలో అసలు ఏర్పడదు.

వైద్యం ఆలస్యమైతే క్రిమి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తూ పోతుంది. రెండో వారంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, కిడ్నీలు మొరాయించడం, కామెర్లు, మెదడు వాపు ఒకదాని వెంట ఒకటి రావచ్చు. వైద్యం అందనివారిలో మరణాలు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా తేలాయి. వాటన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో మధ్యస్థ అంకె 6 శాతం దగ్గర ఉంది. సకాలంలో మందు పడితే అది బాగా తగ్గిపోతుంది.

ఒక జ్వరం, నాలుగు రిపోర్టులు: ఎక్కడ దారి తప్పుతుంది

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. వరి పొలం గట్టు మీద గడ్డి కోసే 40 ఏళ్ల మహిళ. అక్టోబరు 28న చిగ్గర్ కుట్టింది, ఆమెకు తెలియదు. నవంబరు 7న జ్వరం మొదలైంది. రెండు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మందులు, ఒక సూది. 10వ తేదీన పట్నంలో ల్యాబ్‌కు వెళ్తే వచ్చిన రిపోర్టులివి: డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష నెగటివ్, ప్లేట్‌లెట్లు 90 వేలు, వైడల్ పాజిటివ్, స్క్రబ్ టైఫస్ ఐజీఎం నెగటివ్.

ఈ నాలుగూ కలిపి చూస్తే టైఫాయిడే అనిపిస్తుంది. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అన్న నమ్మకం మన దగ్గర బలంగా పాతుకుపోయింది, బొప్పాయి ఆకు రసం దాకా వెళ్లిపోతాం. స్క్రబ్ టైఫస్‌లోనూ, మలేరియాలోనూ, లెప్టోస్పైరోసిస్‌లోనూ అవి తగ్గుతాయి. కాబట్టి ఆ అంకె దారి చూపదు.

వైడల్ పరీక్ష టైఫాయిడ్ క్రిమికి వ్యతిరేకంగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను వెతుకుతుంది. టైఫాయిడ్ విరివిగా ఉన్న చోట ఎప్పుడో సోకిన పాత జబ్బుకో, వేరే ఇన్ఫెక్షన్‌కో కూడా ఇది పాజిటివ్ చూపిస్తుంది. ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్ముకుని టైఫాయిడ్ అని తేల్చకూడదని పాఠ్యపుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నా, చిన్న ఊళ్ల ల్యాబుల్లో ఇంకా రాజ్యమేలుతోంది.

ఐజీఎం అనే రకం యాంటీబాడీలను వెతికే ఎలైజా స్క్రబ్ టైఫస్‌కు మన దేశంలో ఎక్కువగా వాడే పరీక్ష, నమ్మదగ్గదే. కానీ ఈ యాంటీబాడీలు కొలవగలిగేంతగా తయారవడానికి జ్వరం మొదలయ్యాక అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈమెకు 10వ తేదీ అంటే జ్వరం నాలుగో రోజు. నెగటివ్ రావడంలో వింత లేదు. ఆ రోజుల్లో పనికొచ్చేది క్రిమి జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పీసీఆర్, అది పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, ఐజీఎం ఒకసారి వచ్చాక నెలల పాటు ఒంట్లో ఉండిపోవచ్చు. పోయిన ఏడు వచ్చి తగ్గిపోయిన జబ్బు ఈసారి డెంగీ జ్వరంలో స్క్రబ్ పాజిటివ్‌గా పైకి తేలవచ్చు.

కొన్నిచోట్ల వైల్-ఫెలిక్స్ అనే 1916 నాటి పరీక్ష ఇప్పటికీ చేస్తున్నారు. అది చవక. పాజిటివ్ వస్తే కొంత అనుమానం బలపడుతుంది, నెగటివ్ వస్తే మాత్రం దాని మాటకు విలువ లేదు, ఎందుకంటే జబ్బున్న చాలామందిని అది పట్టుకోలేదు.

మన ఉదాహరణలో టైఫాయిడ్ అనుకుని సెఫ్ట్రియాక్సోన్ సూదులు మొదలుపెట్టారు. టైఫాయిడ్‌కు అది మంచి మందు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది, ఆ కోవ మందులకు లొంగదు. 14వ తేదీకి ఆయాసం వచ్చింది. మళ్లీ చేసిన ఐజీఎం పాజిటివ్. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, 16న జ్వరం దిగింది. ఈమె అదృష్టవంతురాలు. 10వ తేదీనే ఒక నర్సమ్మ తెర చాటున ఆమె నడుం దగ్గరి నల్లటి పక్కును చూసి ఉంటే ఈ నాలుగు రోజులు పోయేవి కావు.

డాక్సీసైక్లిన్ ముందే మొదలుపెట్టాలా, పరీక్ష వచ్చాకనా

పెద్దవాళ్లలో స్క్రబ్ టైఫస్‌కు సాధారణంగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, వారం పాటు. మందు చవక, పల్లె మెడికల్ షాపులో కూడా దొరుకుతుంది. మందు పడిన 48 గంటల్లో జ్వరం దిగడం ఈ జబ్బు ప్రత్యేకత, దిగకపోతే వేరే జబ్బు గురించి ఆలోచించాలి.

అనుమానం రాగానే రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాలని భారత వైద్య పరిశోధన మండలి 2015లో విడుదలైన మార్గదర్శకాల్లో చెప్పింది. దాని వెనక తర్కం తేలికే: పరీక్ష మొదటి వారంలో చేతకాదు, ఆలస్యం చంపుతుంది, మందు వల్ల ప్రమాదం తక్కువ.

దీనికి అభ్యంతరం చెప్పేవారి మాటలోనూ పస ఉంది. జ్వరమున్న ప్రతివారికీ డాక్సీసైక్లిన్ రాసేస్తే అసలు జబ్బు క్షయో, మలేరియానో అయినప్పుడు దాన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది. యాంటీబయాటిక్‌లకు క్రిములు మొండికెత్తడం ఇప్పటికే మన దేశపు పెద్ద తలనొప్పి. ఈ రెండు వాదాలకూ మధ్య దారి ఒకటుంది. సీజను, ఊరు, పని చూసి అనుమానించడం, మలేరియా, డెంగీ పరీక్షలు చేయిస్తూనే మందు మొదలుపెట్టడం, 48 గంటల తర్వాత మళ్లీ చూడటం. అనుమానం మీద వాడటానికీ అలవాటు మీద వాడటానికీ ఇక్కడే తేడా వస్తుంది.

గర్భిణులకు డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లల విషయంలో ఒకప్పుడు డాక్సీసైక్లిన్ అంటే పళ్లు పసుపెక్కుతాయని భయపడేవారు. ఆ మచ్చ ఇదే కోవకు చెందిన పాత మందు టెట్రాసైక్లిన్‌ది. తక్కువ రోజుల డాక్సీసైక్లిన్ కోర్సు వాడిన పిల్లల్లో పళ్ల మరకలు కనపడలేదని అమెరికా అధ్యయనాల్లో తేలాక, అక్కడ ఈ కోవ జ్వరాల్లో ఏ వయసు పిల్లలకైనా ఇదే మొదటి మందు అంటున్నారు.

జబ్బు ముదిరినవాళ్ల సంగతి వేరు. మన దేశంలోనే ఏడు ఆసుపత్రుల్లో దాదాపు 800 మంది తీవ్ర రోగుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కించినవారిలో చెడు ఫలితం 33 శాతం మందికి ఉంటే, ఏదో ఒకటే ఇచ్చినవారిలో 47, 48 శాతం మందికి ఉంది. చెడు ఫలితమంటే మరణమే కాదు, ఏడో రోజుకీ తగ్గని అవయవ సమస్యలు, అయిదో రోజుకీ తగ్గని జ్వరం కూడా. ఆ మేలు ఎక్కువగా సమస్యలు త్వరగా సర్దుకోవడంలోనే కనిపించింది. మరణాల్లో స్పష్టమైన తేడా రాలేదు. రెండు మందులు కలిపితే ప్రాణాలు దక్కుతాయని ఎవరైనా అంటే అది ఆ ప్రయోగం చెప్పని మాట.

ఒంటికి పట్టిన పిడుదు, కిరసనాయిలు, అగ్గిపుల్ల

ఇక కనపడే పిడుదు. పశువుల దగ్గర మనకు అలవాటైన చిట్కాలు చాలా ఉన్నాయి: కిరసనాయిలు చుక్క, ఆర్పిన అగ్గిపుల్ల వేడి, సున్నం, వేపనూనె. వీటన్నిటి ఉద్దేశం అది తనంతట తానే వదిలిపోవాలని. జిగురుతో బిగుసుకున్న పిడుదు అంత తేలిగ్గా వదలదు, పైగా చిరాకు పడి లోపలున్నది మన ఒంట్లోకి కక్కే ప్రమాదముందని నిపుణులు హెచ్చరిస్తారు. సన్నటి మొనలున్న పట్టకారుతో చర్మానికి ఆనించి దాని నోటి దగ్గరే పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగడమే సరైన పద్ధతి. పొట్ట దగ్గర పట్టుకుని నలిపితే లోపలున్నదంతా మన వైపే వస్తుంది. నోటి ముక్క చర్మంలో మిగిలిపోతే దాని కోసం గెలకాల్సిన పని లేదు, చర్మమే నెట్టేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగితే చాలు.

చిగ్గర్‌ను ఇలా లాగడం కుదరదు, కనపడితే కదా. దాని మీద పనిచేసేది స్నానం. పొలం నుంచి వచ్చాక సబ్బుతో గట్టిగా రుద్దుకుని, కట్టిన బట్టలు వేడినీళ్లలో నానబెడితే ఇంకా చోటు వెతుక్కుంటూ పాకుతున్నవి పోతాయి. బట్టలు పొదల మీద ఆరేయడం, పని మధ్యలో ఒట్టి గడ్డి మీద నడుం వాల్చడం వాటికి నేరుగా దారి వేసినట్టే. పురుగులను తరిమే డీట్ అనే మందు ఉన్న లేపనాలు పిడుదుల మీదా చిగ్గర్ల మీదా పనిచేస్తాయి.

కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు వల్ల మనుషులకు వచ్చే జబ్బు ఒకటుంది, ఇండియన్ టిక్ టైఫస్. జ్వరంతో పాటు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా దద్దుర్లు రావడం దీని పోలిక. దీనికీ డాక్సీసైక్లినే మందు. ఈ పిడుదు మనిషి కంటే కుక్కనే ఇష్టపడుతుంది, బతుకులో ఎక్కువ భాగం గోడ పగుళ్లలో, గచ్చు సందుల్లో గడుపుతుంది. కుక్కకు ఎన్ని మందులు పట్టించినా గోడ పగుళ్లు వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ ప్రత్యక్షమవడం అందుకే. పశువుల కొట్టంలోనూ అదే కథ.

యాంటీబయాటిక్ పనిచేయని పిడుదు జబ్బు: క్యాసనూరు

పిడుదు జ్వరాలన్నీ డాక్సీసైక్లిన్‌తో తగ్గుతాయనుకుంటే కర్ణాటక దగ్గర ఆగాలి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడటం, వెంటనే మనుషులకు జ్వరాలు రావడంతో బయటపడిన జబ్బు ఇది. కన్నడిగులు మంగన కాయిలె అంటారు, కోతి జబ్బు అని. ఇది వైరస్. పిడుదు కుట్టిన 3 నుంచి 8 రోజుల్లో తీవ్రమైన జ్వరం, కొందరిలో రక్తస్రావం, కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో పాటు మెదడు లక్షణాలు. మరణాలు 3 నుంచి 5 శాతం. విడిగా మందు లేదు, ఆసుపత్రిలో పెట్టి కాచుకోవడమే. ఎండు ఆకుల సీజనైన డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. తర్వాత కేరళ వయనాడు, తమిళనాడు నీలగిరులు, గోవా, మహారాష్ట్రలకూ పాకింది. ఆ ఊళ్ల జనానికి అడవికి వెళ్లే ముందు రాసుకోవడానికి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారుచేసిన, పిడుదులను తరిమే డేపా నూనె పంచుతారు. పడమటి కనుమల్లో ట్రెక్కింగుకు వెళ్లే మన కుర్రాళ్లు చచ్చిన కోతి కనపడితే దగ్గరికి వెళ్లకుండా అటవీ సిబ్బందికి చెప్పాల్సింది ఇందుకే.

గుజరాత్‌లో 2011లో బయటపడిన క్రిమియన్-కాంగో జ్వరం కూడా పిడుదు వైరసే. అప్పుడు జబ్బు పడిన ఒక మహిళ రక్తం ద్వారా అంటుకుని, ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. మనిషి నుంచి మనిషికి అంటుకునే పిడుదు జబ్బు ఇదొకటి.

ఎడిసన్‌లో పిడుదు: గంటల లెక్క ఎందుకు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లకు లైమ్ జబ్బు తెలిసిన పేరే. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి పేరు మీద వచ్చింది. అక్కడి జింక పిడుదు ఒంటి మీద చాలాసేపు, మామూలుగా 24 గంటలు దాటి ఉంటేనే క్రిమి మనిషిలోకి వస్తుంది, ఎందుకంటే అది పిడుదు పేగులోంచి లాలాజల గ్రంథులకు చేరడానికి సమయం పడుతుంది.

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక తండ్రి శనివారం సాయంత్రం 5 గంటలకు పిల్లాడిని పార్కులో చెట్ల మధ్య తిప్పాడనుకుందాం. ఆదివారం ఉదయం 8కి స్నానం చేయిస్తుంటే మోకాలి వెనక పిడుదు కనపడింది. ఎక్కువలో ఎక్కువ 15 గంటలు, పిడుదు పొట్ట ఇంకా చదునుగానే ఉంది. ఇలాంటప్పుడు తీసేసి, 30 రోజులు ఆ చోటు మీద కన్నేసి ఉంచమంటారు. అదే 36 గంటలు దాటి, పొట్ట ఉబ్బి, తీసి 72 గంటలు కాకపోయి ఉంటే ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ ఇచ్చే వీలుంది. లైమ్ సోకినవారిలో 70 నుంచి 80 శాతం మందికి రోజురోజుకీ పెద్దదయ్యే ఎర్రటి వలయం వస్తుంది, అది కనపడితే రక్తపరీక్ష లేకుండానే వైద్యం మొదలుపెడతారు. ఈ గంటల లెక్కను పిడుదు జబ్బులన్నిటికీ వర్తింపజేయకూడదు. కొన్ని వైరస్‌లు నిమిషాల్లోనే వచ్చేస్తాయి.

అక్కడే లోన్‌స్టార్ అనే ఇంకో పిడుదుంది. అది కుడితే కొందరికి మాంసం పడదు. మటన్, గొడ్డుమాంసం, పందిమాంసం తిన్న 2 నుంచి 6 గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణాంతకమైన ఎలర్జీ. కోడి, చేప తినొచ్చు. రాత్రి భోజనం చేసి పడుకున్నాక అర్ధరాత్రి దద్దుర్లు లేస్తాయి కాబట్టి బిర్యానీని అనుమానించాలని ఎవరికీ తట్టదు.

టీకాలు ఎంతవరకు వచ్చాయి

స్క్రబ్ టైఫస్‌కు టీకా లేదు. కార్ప్, గిలియం, కాటో వంటి చాలా రకాలున్న ఈ క్రిమిలో ఒక రకానికి వచ్చిన రోగనిరోధకత ఇంకో రకాన్ని సరిగా ఆపదు. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చేదీ అందుకే. లైమ్‌కు 1998లో అమెరికాలో ఒక టీకా వచ్చింది, అమ్మకాలు పడిపోయి 2002లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. క్యాసనూరు జ్వరానికి కర్ణాటకలో దశాబ్దాలు వాడిన పాత టీకా సరిగా కాపాడటం లేదని 2022లో ఆపేశారు. దాని స్థానంలో కొత్తదాన్ని భారత వైద్య పరిశోధన మండలితో కలిసి తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. పశువుల్లో పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జబ్బుకు టీకా అమ్ముతున్నదీ ఆ సంస్థే. పైన చెప్పిన పిడుదు జబ్బుల్లో మన దేశంలో ఇప్పుడు టీకా చేతిలో ఉన్నది ఆవులకే.